మోటారు బండ్ల ఎగ్జాస్టు గ్యాస్కెట్టులు: వాని పని, వానిని మార్చు విధము

కందెన లేక ఎద్దుబండి ఇరుసు కిర్రుమన్నంతనే రైతు బండి నాపి చూచును. కాని మోటారు బండి ఇంజను వద్ద ఉదయమున వినవచ్చు 'టిక్కు టిక్కు' మను చిన్న చప్పుడును అనేకులు లెక్కసేయరు. ఈ చప్పుడు పెక్కుసారులు ఎగ్జాస్టు గ్యాస్కెట్టు చెడినదనుటకు గురుతు. గ్యాస్కెట్టు స్వల్పమైన వెలగల వస్తువే. దాని నుపేక్షించుటవలన కలుగు నష్టము మాత్రము స్వల్పము కాదు.

1. గ్యాస్కెట్టు అనగా నేమి

ఇంజను సిలిండరులలో ఇంధనము మండగా పుట్టిన వేడి వాయువు ఒక్కొక్క సిలిండరునుండి ఒక్కొక్క ద్వారమున వెలువడును. ఈ ద్వారముల నన్నిటిని కలుపు గొట్టమునకు మేనిఫోల్డు అని పేరు. అచ్చటినుండి వాయువు పొగగొట్టము గుండను, సైలెన్సరు గుండను బండి వెనుకకు పోవును. లోహముపై లోహము నెంత నునుపుగా నమర్చినను నడుమ సన్నని సందులు మిగులును. వానిని పూడ్చుటకై నడుమ నుంచు పలుచని బిళ్ళయే గ్యాస్కెట్టు. మెకానిక్కులు దీనినే ప్యాకింగు అందురు. నీటి గొట్టపు అతుకులో రబ్బరు వాషరు చేయు పనినే ఇదియు చేయును. కాని పెట్రోలు ఇంజను బరువు లాగునపుడు ఇచ్చటి వాయువు 800 డిగ్రీల సెంటిగ్రేడు వరకును వేడెక్కును గనుక రబ్బరు నిలువదు. అందుచే ఉక్కు రేకులతోగాని, ఉక్కు రేకుపై గ్రాఫైటు పొదిగిగాని దీనిని చేయుదురు.

2. చెడుటకు కారణములు

ఇంజను నడచునపుడు మేనిఫోల్డు వేడెక్కి సాగును; ఆపినపుడు చల్లారి ముడుచుకొనును. ప్రతిదినము నిట్లు జరుగుటచే గ్యాస్కెట్టు నలిగి, బోల్టులు వదులగును. ఒక్కొక్కప్పుడు మేనిఫోల్డే వంకరపోవును, లేక బోల్టు విరుగును. ఒక మూల సందు ఏర్పడెనా, వేడి వాయువు అచ్చటనే దూకి గ్యాస్కెట్టును కొరికివేయును. చెరువుకట్టకు పడిన చిన్న బుంగ నీటి ఒరవడికి గండియగు విధమే ఇదియును.

3. గురుతులు

చల్లని ఇంజనును ప్రారంభించినపుడు టిక్కుమను చప్పుడు వినబడి, వేడెక్కిన పిదప తగ్గవచ్చును. లోహము సాగి సందు మూసికొనుటయే దీనికి కారణము. రోగము కుదిరినదని భ్రమింపరాదు. అతుకు చుట్టును నల్లని మసి చారలు కనబడును. బండిలోపల పొగవాసన వచ్చును. నేటి కార్లలో పొగయందలి ప్రాణవాయువును కొలుచు సెన్సారు గలదు. సందుగుండ బయటిగాలి లోనికి పీల్చబడిన నా సెన్సారు మోసపోయి, ఇంధనము చాలలేదని తెలుపును. ఇంజను అనవసరముగా నెక్కువ పెట్రోలు త్రాగును.

4. అపాయము

పెట్రోలు పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు గలదు. దీనికి రంగు లేదు, వాసన లేదు. ఇది నెత్తురులో ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకొని, దేహమునకు ప్రాణవాయువు చేరకుండ చేయును. వాసనయే ఆనవాలని నమ్మరాదు. అద్దములు మూసిన బండిలో తలనొప్పియు, తల తిరుగుటయు, వాంతియు కలిగినచో వెంటనే బండి నాపి అందరును బయటిగాలికి రావలెను. పిదప వైద్యునికి చూపవలెను. ఇంజను నడచుచుండగా కొట్టము తలుపులు మూయరాదు.

మఱియు, కారునందేగాక ట్రాక్టరునందును ఆయిలింజనునందును ఇట్టి గ్యాస్కెట్టులే యుండును. కళ్ళమునందు, గడ్డివాముల చెంత, సందునుండి వెలువడు వేడి వాయువును నిప్పురవ్వలును ఎండుగడ్డి నంటించుటకు చాలును. ఏడాది పంట యొక గడియలో బూడిద కావచ్చును.

5. మార్చు విధము

ఇంజను పూర్తిగా చల్లారిన పిదపనే పని ప్రారంభింపవలెను. బ్యాటరీ నెగెటివు తీగను విప్పవలెను. బండి క్రిందికి పోవలసియున్న జాకీనొక్కదానినే నమ్మక, గట్టి స్టాండులు పెట్టవలెను. బోల్టులకు ముందటి రాత్రియే తుప్పు వదలించు నూనె పోసిన అవి సులువుగా కదలును. కదలని బోల్టును మొండిగా త్రిప్పిన విరుగును. దానిని మెకానిక్కునకు విడుచుట మేలు.

మేనిఫోల్డును విప్పునపుడు చివరలనుండి నడుమకు రావలెను. ద్వారములలో గుడ్డలు కుక్కి, పాత గ్యాస్కెట్టు ముక్కలను గీతలు పడకుండ తొలగింపవలెను. అల్యూమినియము మెత్తనిది గనుక ఇనుప ఉలితో గోకరాదు. పిదప ఉక్కు బద్దను అడ్డముగా పెట్టి చూచిన వంకర యున్నది లేనిది తెలియును. వంకర మేనిఫోల్డుపై క్రొత్త గ్యాస్కెట్టు వేయుట వృథా. ముందుగా దానిని లేతుపనివానిచే సరిచేయింపవలెను.

గుడ్డలను మఱువక తీసివేసి, క్రొత్త గ్యాస్కెట్టును రంధ్రములు సరిపోవునట్లు అమర్చవలెను. పాతదానిని మరల వాడరాదు. బోల్టులను మొదట చేతితో నెక్కించి, పిదప నడుమనుండి చివరలకు, రెండు మూడు విడతలుగా బిగింపవలెను. ఒక్క చివరనే ముందుగా బిగించినచో క్రొత్త గ్యాస్కెట్టు చెడవచ్చును. బిగింపు కొలత బండి బండికిని వేరు. దానిని ఆ బండి పుస్తకమునందు చూచి, టార్కు పానాతో బిగింపవలెను. తుదకు బ్యాటరీ తీగను కలిపి, ఆరుబయట ఇంజనును ప్రారంభించి, చప్పుడు నిలిచినదో లేదో వినవలెను.

6. పాత బండ్ల విషయమున హెచ్చరిక

పూర్వపు గ్యాస్కెట్టులలో ఆస్బెస్టాసు అను రాతినార వాడబడెను. దాని ధూళి ఊపిరితో లోనికి పోయినచో, పలుయేండ్ల తరువాత ఊపిరితిత్తుల క్యాన్సరు కలుగవచ్చును. అట్టివానిని పొడిగా గోకరాదు, గాలితో ఊదరాదు. నీటితో తడిపి తీసి, సంచిలో మూటగట్టవలెను. పిల్లలను దరికి రానీయరాదు.

కావున రైతు ప్రతి కోతకాలమునకు ముందు ఒక ఉదయమున చల్లని ఇంజనును ప్రారంభించి, దాని చప్పుడును చెవియొగ్గి వినుట యుక్తము. ఇరుసునకు కందెన పెట్టుటయం దెట్టి శ్రద్ధయో, దీనియందును అట్టి శ్రద్ధయే వలయును. ఇంటివారి ప్రాణమును, కళ్ళములోని పంటయు ఇందుచే కాపాడబడును.