ఆర్‌ఎక్స్ 100, సీడీ 100: అపోహలు – వాస్తవాలు

తాండూరులో నాపరాయి క్వారీల దారుల్లో, కంది చేల వెంట పాత యమహా ఆర్‌ఎక్స్ 100, హీరో హోండా సీడీ 100 ఇంకా కనిపిస్తాయి. రెండూ జపాన్ డిజైన్లే, రెండూ 1985లో మన రోడ్లెక్కినవే. వీటి మీద ప్రచారంలో ఉన్న మాటలు కొన్ని బండినే దెబ్బతీస్తాయి. అందుకే తేల్చి చెప్పుకోవాలి.

అపోహ: ఆర్‌ఎక్స్ ఇంజన్ పెద్దది కాబట్టే అంత పికప్.
వాస్తవం: ఆర్‌ఎక్స్‌ది 98 సీసీ, సీడీది 97.2 సీసీ. దాదాపు సమానమే. ఆర్‌ఎక్స్‌లాంటి టూ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంకు తిరిగిన ప్రతి చుట్టుకూ పెట్రోలు మండుతుంది, సీడీలాంటి ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకోసారి. అందుకే ఆర్‌ఎక్స్‌కు 11 హార్స్‌పవర్, సీడీకి ఏడు పైచిలుకు. అయితే టూ స్ట్రోక్‌లో కొంత పెట్రోలు మండకుండానే సైలెన్సర్‌లోకి జారిపోతుంది. సీడీ మైలేజీలో గెలిచేది అక్కడే.

అపోహ: సైలెన్సర్ లోపలి పైపు పీకేస్తే వేగం పెరుగుతుంది.
వాస్తవం: టూ స్ట్రోక్ సైలెన్సర్ చప్పుడు తగ్గించడానికే కాదు. పొగ ఒత్తిడి అందులో తిరిగి వెనక్కి తన్ని, జారిపోబోయే పెట్రోలును మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. ఆ కొలతలు చెడితే తక్కువ వేగంలో లాగే శక్తి పడిపోతుంది. చప్పుడు మాత్రం పెరిగి ఊరంతటినీ బాధిస్తుంది, జరిమానా కూడా పడుతుంది.

అపోహ: ఆర్‌ఎక్స్ పెట్రోల్లోనూ టూటీ ఆయిల్ కలపడం మంచిది.
వాస్తవం: దానికి వేరే ఆయిల్ ట్యాంకు, పంపు ఉన్నాయి. పంపు బాగుంటే అదనంగా పోసిన ఆయిల్ ప్లగ్గు మీద, సైలెన్సర్‌లో మసిగా పేరుకుంటుంది. పంపు పాడైతే బాగుచేయించాలి. గేర్‌బాక్స్ ఆయిల్ వేరు, దాన్నీ మారుస్తుండాలి.

అపోహ: ప్రకటనలో ‘ఫిల్ ఇట్, షట్ ఇట్, ఫర్గెట్ ఇట్’ అన్నారు కాబట్టి సీడీకి సర్వీసింగ్ అక్కర్లేదు.
వాస్తవం: ఆ ప్రకటన చెప్పింది మైలేజీ సంగతి. సీడీలో పిస్టన్‌కు, క్లచ్‌కు, గేర్లకు ఒకే ఆయిల్. సమయానికి మార్చకపోతే మూడూ అరుగుతాయి. నాపరాయి దుమ్ములో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ మరింత తరచుగా శుభ్రం చేయాలి.

అపోహ: అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు ఇంజన్ ఆపేసి న్యూట్రల్‌లో జారితే పెట్రోలు మిగులుతుంది.
వాస్తవం: ఇంజన్ పట్టు పోయి భారమంతా డ్రమ్ బ్రేకుల మీద పడుతుంది. వేడెక్కితే అవి పట్టవు. తక్కువ గేరులోనే దిగాలి. టూ స్ట్రోక్‌కు ఇంజన్ పట్టు తక్కువ కాబట్టి ఆర్‌ఎక్స్ నడిపేవారు మరింత నెమ్మదిగా దిగాలి.

అపోహ: టూ స్ట్రోక్ బండ్లను నిషేధించడంతో ఆర్‌ఎక్స్ ఆగిపోయింది.
వాస్తవం: 1996లో కాలుష్య ప్రమాణాలు బిగిశాయి, ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగింది. టూ స్ట్రోక్ ఆర్‌ఎక్స్ 135 ఆ తర్వాతా అమ్ముడైంది. పదిహేనేళ్లు దాటిన బండిని తుక్కు చేయాల్సిందేనన్న మాటా మన దగ్గర నిజం కాదు. ఫిట్‌నెస్ ఉంటే ఆర్‌సీ రెన్యువల్ అవుతుంది.

ఏది గొప్పదన్న వాదనకంటే ఏ ఇంజన్‌కు ఏం కావాలో తెలుసుకోవడం ముఖ్యం. ఆర్‌ఎక్స్ ఉన్నవారు టూటీ ట్యాంకు, సీడీ ఉన్నవారు ఇంజన్ ఆయిల్ ఈ వారమే చూసుకోండి.