మిక్కీ ఓడ కింద నీళ్ళు

పిల్లలూ, ఈసారి కబుర్లన్నీ ఉప్పునీళ్ళ మీదివే. అమెరికాలో ఉంటున్న మా అమ్మాయీ అల్లుడూ పిల్లల సెలవులకి డిస్నీ వాళ్ళ ఓడలో టిక్కెట్లు కొన్నారు. అమ్మమ్మా నేనూ అప్పుడు అక్కడే ఉన్నాం కాబట్టి మమ్మల్నీ వెంటబెట్టుకెళ్ళారు. ఫ్లోరిడా రాష్ట్రంలో ఫోర్ట్ లాడర్‌డేల్ అని పెద్ద రేవు ఉంది. అక్కడ ఎక్కించుకుని, బహామా దీవులు చూపించి, మళ్ళీ అదే రేవులో దింపుతారు. మా ఇంట్లో అందరికీ ఓడ ఎక్కడం అదే మొదలు.

ఓడ పేరు డిస్నీ డ్రీమ్. జర్మనీలో పాపెన్‌బుర్గ్ అనే ఊళ్ళో కట్టారు. 2011 జనవరి నుంచి తిరుగుతోంది. పొడవు 340 మీటర్లు. ఒళ్ళంతా మిక్కీ మౌస్ రంగులే. పొట్ట నలుపులా కనిపించే ముదురు నీలం, పొగగొట్టాలు ఎరుపు, ఆపదలో ఎక్కే పడవలు పసుపు. ఆ పడవలకి నారింజ రంగు వెయ్యడం రివాజు. మిక్కీ బూట్ల రంగే కావాలని డిస్నీ వాళ్ళు అమెరికా తీరరక్షక దళం దగ్గర ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకున్నారు. హారన్ కొడితే సినిమా పాటల వరస పలుకుతుంది. లోపల ఎటు తిరిగినా బొమ్మల కథల్లోని మనుషులే ఎదురొస్తారు. పిల్లల కళ్ళు వాళ్ళ మీద ఉంటే, నా కళ్ళు ఆ ఓడని మోస్తున్న నీళ్ళ మీద ఉన్నాయి.

"తాతయ్యా, ఇది ఇనుమేనా?" అంది మనవరాలు, రేవులో నిలబడి తల పైకెత్తి.

"ఉక్కు."

"మేకు వేస్తే మునిగిపోతుంది కదా, మరి ఇది మునగదేం?"

మంచి ప్రశ్న. మీరు ఇంట్లోనే జవాబు తెలుసుకోవచ్చు. బకెట్లో నీళ్ళు పోసి స్టీలు గరిటె వదలండి, బుడుంగున మునుగుతుంది. స్టీలు గిన్నె వదలండి, తేలుతుంది. గిన్నె లోపల ఉన్న గాలి చోటుని కూడా కలుపుకుని అది నీటిని పక్కకి నెడుతుంది. అలా పక్కకి పోయిన నీరు ఎంత బరువుంటుందో అంత బలంతో నీరు గిన్నెని పైకి తోస్తుంది. ఇప్పుడు గిన్నెలో గుప్పెడు గుప్పెడు బియ్యం పోస్తూ పోండి. పోసినకొద్దీ కిందికి దిగుతుంది, దిగినకొద్దీ ఇంకాస్త నీటిని నెడుతుంది, లెక్క సరిపోగానే ఆగుతుంది. సుమారు 2200 ఏళ్ళ కిందట ఆర్కిమెడీస్ చెప్పింది ఇదే. ఓడలో బియ్యం బదులు వేల మంది జనం, మంచాలు, వంటశాలలు, నాటకశాల ఉంటాయి, అంతే తేడా.

ఇందులో ఒక చిన్న విశేషం ఉంది. ఈ ఓడని కట్టిన ఊరు సముద్రం ఒడ్డున లేదు. ఎమ్స్ అనే నది మీంచి మెల్లగా సముద్రంలోకి తెచ్చారు. ఘనపు మీటరు మంచినీళ్ళు 1000 కిలోలుంటే, ఉప్పునీళ్ళు సుమారు 1025 కిలోలుంటాయి. నీరు బరువైతే కొంచెం నెట్టినా చాలు, ఓడ నిలుస్తుంది. కాబట్టి నది వదిలి సముద్రంలోకి వచ్చేసరికి, లోపలి బరువేమీ మారకపోయినా, అంత పెద్ద ఓడా ఇంచుమించు జానెడు పైకి లేస్తుంది.

తేలడం సరే, ఒరిగిపోదా? మా మనవడికి ఆ భయం పట్టుకుంది. వాడి భయం అర్థం లేనిది కాదు. పద్నాలుగు అంతస్తుల ఓడలో నీటి కింద ఉండేది ఎనిమిది మీటర్ల పైచిల్లర మాత్రమే. నేను వాడికి వాసా కథ చెప్పాను.

స్వీడన్ రాజు గుస్తావ్ అడాల్ఫ్ యుద్ధం కోసం వాసా అనే ఓడ కట్టించాడు. దాని మీద 64 ఫిరంగులు, పైనంతా చెక్కిన బొమ్మలు. బయల్దేరే ముందు ఓడ నిలకడ ఎలా ఉందో చూద్దామని ముప్ఫై మంది మనుషుల్ని ఈ అంచు నుంచి ఆ అంచుకి, ఆ అంచు నుంచి ఈ అంచుకి పరుగెత్తించారు. మూడోసారికే ఓడ ఎంత ఊగిందంటే పరీక్ష అక్కడితో ఆపేశారు. ఆపారు కానీ, ప్రయాణం మానలేదు. 1628 ఆగస్టు 10న స్టాక్‌హోంలో తెరచాపలు ఎత్తారు. 1300 మీటర్లు పోయిందో లేదో, ఒక గాలి తెర కొట్టింది, ఓడ పక్కకి వాలింది, తెరిచి ఉన్న ఫిరంగి కిటికీల్లోంచి నీళ్ళు లోపలికి దూకాయి. ఊరి జనం చూస్తుండగానే మునిగిపోయింది. 1961లో దాన్ని పైకి తీశారు. ఇప్పుడు అదే ఊళ్ళో మ్యూజియంలో ఉంది.

వాసాకి పైబరువు ఎక్కువైంది. ఓడ కుడికి ఒరిగిందనుకోండి, కుడి పక్క ఎక్కువ మునుగుతుంది, అటునుంచి నీటి తోపుడు పెరుగుతుంది, ఓడ మళ్ళీ నిటారుగా లేస్తుంది. బరువు మరీ పైకి చేరనంతవరకే ఈ పని జరుగుతుంది. అందుకే ఇంజన్లు, నూనె, నీటి తొట్లు అట్టడుగున పెడతారు. చాలా ఓడల్లో పై కట్టడాలకి తేలికైన అల్యూమినియం వాడతారు. ఇప్పటికీ కొత్త ఓడకి ఆ పాత పరీక్షే చేస్తారు. మనుషుల్ని పరుగెత్తించకుండా, తెలిసిన బరువుల్ని డెక్కు మీద పక్కకి జరిపి, వేలాడదీసిన లోలకంతో ఎంత ఒరిగిందో కొలుస్తారు.

ఇది తెలిసింది కాబట్టి పైన ఈత కొలనులు అంత చిన్నవిగా ఎందుకున్నాయో మావాడే చెప్పాడు. ఘనపు మీటరు నీళ్ళంటే టన్ను. పైగా నీళ్ళు ఓడ ఒరిగిన వైపే పరుగెత్తి, ఒరుగుడుని ఇంకా పెంచుతాయి. కొలనులతోబాటు డిస్నీ వాళ్ళు 233 మీటర్ల జారుడు గొట్టం పెట్టారు. దాని పేరు ఆక్వాడక్. తెప్ప మీద కూర్చుంటే నీటి ధారలే వెనకనుంచి తోసి ఎత్తు కూడా ఎక్కిస్తాయి. ఒకచోట గొట్టం ఓడ అంచు దాటి సముద్రం పైకి వెళ్ళి వస్తుంది. గొట్టం పారదర్శకం, కాళ్ళ కింద సముద్రం కనిపిస్తుంది. ఇంకోచోట ముందున్న పొగగొట్టంలోంచి దూరి పోతుంది. అందులోంచి పొగ రాదని దాన్నిబట్టే తెలుస్తోంది కదా.

సాయంత్రం ఓడ కొంచెం ఊగడం మొదలెట్టింది. మా గది ఓడ లోపలి వరసలో ఉంది, కిటికీ లేదు. కిటికీ బదులు గుండ్రటి తెర ఉంది. బయట పెట్టిన కెమెరా చూసేదంతా అందులో కనిపిస్తుంది. మధ్యమధ్య ఓ స్టార్‌ఫిష్సో, మిక్కీయో అందులోకి తొంగిచూసి పోతుంటారు. పిల్లలు ఆ తెర ముందునుంచి కదల్లేదు. అమ్మమ్మకి మాత్రం కడుపులో తిప్పడం మొదలైంది.

మన చెవి లోపల మూడు అర్ధచంద్రాకారపు గొట్టాలున్నాయి, వాటిలో ద్రవం ఉంటుంది. తల కదిలితే ఆ ద్రవం కదులుతుంది, కదలిక సంగతి మెదడుకి తెలుస్తుంది. గదిలో గోడలూ మంచమూ మనతోబాటే ఊగుతాయి కాబట్టి కన్ను "ఏమీ కదలడం లేదు" అంటుంది. చెవేమో "కదులుతున్నాం" అంటుంది. ఈ తగువు తెగక మెదడు తికమక పడుతుంది, వాంతి వస్తుంది. మందు ఏమిటంటే, కన్నుని కూడా చెవి పక్షానికి తేవడమే. అమ్మమ్మని బయటి వరండాలోకి తీసుకెళ్ళి, దూరంగా నీరూ ఆకాశమూ కలిసే గీత మీద చూపు నిలపమన్నాను. సంచిలో అల్లం మురబ్బా ఎలాగూ ఉంది. కాసేపటికి తేరుకుని, అన్నం తింటానంది. ఓడ నడుమ భాగంలో, కింది అంతస్తుల్లో ఊగుడు తక్కువ. గది తీసుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. పెద్ద ఓడలకి పొట్టకి అటూ ఇటూ రెక్కలు కూడా ఉంటాయి. ఓడ ఎటు ఒరుగుతోందో కనిపెట్టి, ఆ రెక్కలు తమంతట తామే వాలు మార్చుకుని ఒరుగుడుని అణిచేస్తాయి.

ఆ రాత్రి మేం దాటుతున్నది గల్ఫ్ స్ట్రీమ్. సముద్రంలో పారే ఏరు అది. ఫ్లోరిడాకీ బహామాకీ మధ్య అది సెకనుకి దాదాపు మూడు కోట్ల ఘనపు మీటర్ల వెచ్చటి నీటిని ఉత్తరానికి మోసుకుపోతుంది. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మీ తాతల్ని అడగండి, చెబుతారు. అప్పుడు ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు, అంటే సెకనుకి లక్ష ఘనపు మీటర్లు పోయింది. అలాంటి వరదలు మూడు వందలు కలిపితే ఈ ఏరు. ఇది ఏడాది పొడుగునా ఆగదు. గోదావరి దాటే పడవ సరంగు ఎదుటి రేవుకన్నా ఎగువకి గురిపెట్టినట్టే, ఇక్కడ కెప్టెన్ కూడా ఓడ ముక్కుని కాస్త దక్షిణానికి తిప్పి ఉంచుతాడు. ఉత్తరపు గాలి ఈ ప్రవాహానికి ఎదురు వీచిందంటే అలలు నిటారుగా లేస్తాయి, అమ్మమ్మలకి ఇబ్బంది.

ఈ ఏటికి పటం అచ్చు వేయించింది బెంజమిన్ ఫ్రాంక్లిన్. ఆయన అప్పట్లో అమెరికా వలసల తపాలా వ్యవహారాలు చూసేవాడు. ఇంగ్లండు నుంచి వచ్చే తపాలా ఓడలు సరుకు ఓడలకన్నా వారాల తరబడి ఆలస్యమవుతున్నాయేమని ఆరా తీశాడు. తిమింగిలాలు పట్టే నాంటకెట్ కెప్టెన్, వరసకి తన బంధువే అయిన తిమోతి ఫోల్గర్, సంగతి విప్పాడు. తపాలా ఓడలు ఆ ప్రవాహానికి ఎదురీదుతున్నాయి. తిమింగిలాలు ఆ ఏటి అంచుల వెంట తిరుగుతాయి కాబట్టి, వాటిని వేటాడే వాళ్ళకి ఆ అంచులు కొట్టినపిండి. ఫోల్గర్ గీసి ఇచ్చిన పటమే 1769 ప్రాంతంలో అచ్చయింది. పుస్తకాల్లో లేని శాస్త్రం పనిచేసుకునే వాళ్ళ దగ్గర ఎంత ఉంటుందో చూడండి.

మరి ఇంతమందికి తాగేందుకు నీళ్ళో? లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది, తాగితే దాహం ఇంకా పెరుగుతుంది. ఓడలోనే ఆ నీటిని మరిగించి, ఆవిరిని చల్లార్చి మంచినీళ్ళు చేస్తారు. దానికి వేరే పొయ్యి అక్కర్లేదు. తొట్టిలో గాలి లాగేసి ఒత్తిడి తగ్గిస్తే నీళ్ళు 100 డిగ్రీలకన్నా చాలా ముందే మరుగుతాయి, ఇంజన్ల నుంచి ఊరికే పోయే వేడి సరిపోతుంది. ఏసీల నుంచి కారే నీటిని కూడా పట్టి బట్టలుతకడానికీ డెక్కులు కడగడానికీ వాడుకుంటారు.

తెల్లారి డెక్కు మీదికి వెళితే, అప్పటిదాకా సిరా రంగులో ఉన్న సముద్రం ఒక గీత దాటగానే నెమలి మెడ రంగుకి తిరిగింది. గీతకి అటు వేల అడుగుల లోతు. ఇటు బహామా తిన్నెలు, చాలాచోట్ల పది మీటర్లు కూడా లోతుండవు. అడుగున తెల్లటి ఇసుక. అది మన గోదావరి ఇసుకలాంటిది కాదు, సున్నం జాతి. గవ్వల, నాచుల పొడి, వెచ్చటి నీటిలోంచి పేరుకున్న చిన్నచిన్న గుండ్రటి రేణువులు. ఆ ఇసుక మీద నిమ్మరసం పిండితే బుడగలొస్తాయి. తెల్లటి అడుగు వెలుగుని వెనక్కి పంపుతుంది, పంపే దారిలో నీరు ఎరుపుని తినేస్తుంది, నీలమూ ఆకుపచ్చా మన కంటికి చేరతాయి.

"సముద్రం నీలంగా ఉండేది ఆకాశం నీడ పడి కాదా?" అన్నాడు మనవడు. ఒకప్పుడు లార్డ్ రేలీ అంతటి పండితుడూ అదే అన్నాడు. కాదని చూపించింది సి.వి. రామన్. ఆయన చిన్నతనం విశాఖపట్నంలో సముద్రం పక్కనే గడిచింది, తండ్రి అక్కడ ఏవీఎన్ కాలేజీలో లెక్చరరు. 1921లో ఇంగ్లండు వెళ్ళి నార్కుండా అనే ఓడలో తిరిగి వస్తూ, జేబులో నికల్ పట్టకం అనే చిన్న గాజుముక్కలాంటి పరికరం పెట్టుకుని డెక్కు మీద నిలబడ్డారు. నీటి మీంచి ఏటవాలుగా వచ్చే ఆకాశపు మెరుపుని ఆ పట్టకం ఆపేస్తుంది. ఆకాశం నీడే కారణమైతే, మెరుపు పోగానే నీలం కూడా పోవాలి. పోలేదు సరికదా, ఇంకా చిక్కబడింది. ఓడ బొంబాయి రేవులో ఉండగానే ఆ సంగతి ఇంగ్లండులోని 'నేచర్' పత్రికకి రాశారు. నీటి అణువులు వెలుగుని చెదరగొట్టడమే కారణమన్నారు. నీరు ఎరుపుని పీల్చుకోవడం అంతకన్నా పెద్ద కారణమని తరవాత తేలింది. కానీ ఆ చెదిరే వెలుగు వెంటబడిపోయే ఆయన 1928 ఫిబ్రవరి 28 నాటి రామన్ ఫలితానికి చేరారు. 1930లో నోబెల్ వచ్చింది.

మా అల్లుడి చలవ కళ్ళద్దాలు పోలరాయిడ్ రకం. రామన్ గారి పట్టకం చేసే పనే చేస్తాయి. మనవడి చేతికిచ్చి, కంటి ముందు పెట్టుకుని మెల్లగా తిప్పమన్నాను. మామూలుగా పెట్టుకున్నప్పుడు అడుగునున్న ఇసుక మడతలు కూడా కనిపించాయి. పావు వంతు తిప్పగానే తెల్లటి మెరుపు వచ్చి అంతా కప్పేసింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ కనిపించింది. భోజనం గంట కొట్టినా వాడు రెయిలింగు వదల్లేదు.

మీరూ చెయ్యొచ్చు. అంతర్వేదిలోనో, మీ ఊరి చెరువు గట్టునో నిలబడి, పోలరాయిడ్ అద్దాల్లోంచి నీటిని నిట్టనిలువుగా కిందికి కాకుండా ఏటవాలుగా చూడండి. నిలువు గీతకి 53 డిగ్రీల దగ్గర మెరుపు బాగా ఆగుతుంది. అంతర్వేదిలో నీలం కనిపించలేదని నిరుత్సాహపడకండి. అక్కడ గోదావరి తెచ్చిన ఒండ్రు నీళ్ళలో ఉంది, అది వెలుగుని మధ్యదారిలోనే తిప్పి పంపేస్తుంది. శ్రావణంలో ఒకసారి, వరద తీసిన మాఘంలో ఒకసారి చూసి, రెండు రంగులూ పక్కపక్కన నాకు రాసి పంపండి.