క్రైస్తవ వేదాంత అధ్యయనం: ఏ పుస్తకాలు, ఏ వరుసలో?

ఈ పాఠ్యాంశాన్ని ఎంచుకున్న విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: తెలుగులో ఏం చదవాలి? తెలుగులో క్రైస్తవ పుస్తకాలకు కొరత లేదు. చర్చి పక్కనున్న దుకాణంలో ప్రసంగ సంపుటాలు, అనుదిన ధ్యానాలు, సాక్ష్యాలు ఎన్నో దొరుకుతాయి. కానీ అవి విశ్వాసిని బలపరచడానికి రాసినవి. ఒక నమ్మకం ఎక్కడ పుట్టింది, దాన్ని ఆ మాటల్లోనే ఎందుకు చెప్పారు, ఎవరు కాదన్నారు అనే ప్రశ్నలు వాటి పని కాదు. మీ పని మాత్రం అదే. ఆ ప్రశ్నలను చర్చించే సిద్ధాంత గ్రంథాలు చాలావరకు ఇంగ్లీషులో ఉన్నాయి. అందువల్ల విద్యార్థి చివరికి గైడును కంఠస్థం చేసి పరీక్ష రాస్తాడు. పక్కన అధ్యాపకుడు లేని దూరవిద్యలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ.

దీనికి మా సూచన: తెలుగు బైబిలు అనువాదాలను, కీర్తనలను, తెలుగు క్రైస్తవుల చరిత్రను కూడా వేదాంత గ్రంథాలుగానే చదవండి. వాటితో మొదలుపెట్టి ఇంగ్లీషు పుస్తకాలకు వెళ్లండి.

పేరులోనే ఒక చిక్కు

ప్రొటెస్టెంటు సంఘాలలో ఈ శాస్త్రాన్ని ‘వేదాంతం’ అంటారు. దీన్ని బోధించేది వేదాంత కళాశాల. సాధారణ తెలుగు పాఠకుడికి వేదాంతం అంటే ఉపనిషత్తులు, శంకరుడు, రామానుజుడు. గ్రంథాలయంలో ‘వేదాంతం’ అని అడిగితే మిమ్మల్ని ఆ అలమర దగ్గరకే పంపుతారు. డ్యూయీ పద్ధతి పాటించే గ్రంథాలయంలో బైబిలు సంబంధమైనవి 220లో, క్రైస్తవ సిద్ధాంతం 230లో ఉంటాయి. ఈ రెండు సంఖ్యలు గుర్తుంచుకుంటే సగం తిరుగుడు తప్పుతుంది. ‘దైవశాస్త్రం’ అనే మాట కూడా వాడుకలో ఉంది కాబట్టి పుస్తకాల పట్టికలో రెండు పేర్లతోనూ వెతకండి.

ముందు రెండు బైబిళ్లు

మొదటి పాఠ్యగ్రంథం బైబిలే. ఒకటి చాలదు. బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా ప్రచురించిన పాత అనువాదం ఒకటి, కతోలిక అనువాదం ఒకటి పక్కపక్కన పెట్టుకోండి. ప్రొటెస్టెంటు బైబిలులో 66 గ్రంథాలు, కతోలిక బైబిలులో 73 ఉంటాయి. ఈ తేడా ఎందుకు వచ్చిందో వెతకడంతోనే ‘ఏది ప్రమాణం?’ అన్న పాఠం మొదలవుతుంది.

తరువాత మాటలు చూడండి. ఒక సంఘంలో ‘బాప్తిస్మము’, మరొక సంఘంలో ‘జ్ఞానస్నానము’. మొదటిది గ్రీకు మాటకు తెలుగు ఉచ్చారణ. అర్థాన్ని బోధకుడు విప్పి చెప్పాలి. రెండవది సంస్కృత సమాసం. వినగానే ఒక అర్థం స్ఫురిస్తుంది, పుణ్యస్నానాల జ్ఞాపకమూ వెంట వస్తుంది. పరాయి మాటను అలాగే ఉంచడమా, ఇక్కడి మాటకు కొత్త అర్థం ఇవ్వడమా? ‘రక్షణ’, ‘కృప’, ‘బలి’, ‘ఆత్మ’ అన్న ప్రతి మాట వెనుకా ఈ ప్రశ్న ఉంది. యోహాను సువార్తలో గ్రీకు ‘లోగోస్’కు పాత అనువాదంలో ‘వాక్యము’ అని ఉంది. వ్యాకరణంలో వాక్యమంటే ఏమిటో మీకు తెలుసు. ఆ మాట మోయవలసిన బరువు ఎంతో దీన్నిబట్టి ఊహించండి. 1852 నాటి బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది. ఆనాడు ఆ మాటలకు ఏ అర్థాలుండేవో అందులో చూడండి.

విశాఖపట్నం వాసులకు ఈ చరిత్ర ఇంటి పక్కదే. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో ఈ పట్నం చేరారు. సువార్తల అనువాదంలో వారికి ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు తోడ్పడ్డాడు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో మరణించారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. చరిత్ర పుస్తకాలు దొరల పేర్లు ముందు చెబుతాయి. తెలుగు మాటను ఎంచడంలో ఆనందరాయర్ పాలు ఎంత అన్న ప్రశ్నను మీరు వదలకండి. (ఆనందపురానికీ ఆయనకూ సంబంధం కలపకండి, పేరులోని పోలిక ఆధారం కాదు.)

పాడే వేదాంతం

‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ చాలా ఇళ్లలో ఉంటుంది, పాఠ్యపుస్తకంగా మాత్రం ఎవరూ చూడరు. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవులు రాగతాళాలతో రాసిన ఈ పాటల నుంచే తరతరాల విశ్వాసులు, చదువురానివారు కూడా, సిద్ధాంతం నేర్చుకున్నారు. క్రీస్తు మరణాన్ని ఏ కీర్తన బలిగా, ఏది విడుదలగా, ఏది ప్రేమగా చెబుతోందో గుర్తిస్తూ చదవండి. జాషువా ‘క్రీస్తు చరిత్ర’ కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అది సిద్ధాంత గ్రంథం కాదు. అయినా కులం బాధ ఎరిగిన కవి క్రీస్తును ఎలా చూశాడో తెలియాలంటే దానికి సాటి లేదు.

ఇంగ్లీషు పుస్తకాలు

మొదట రాబిన్ బాయిడ్ 1969లో ప్రచురించిన ‘యాన్ ఇంట్రడక్షన్ టు ఇండియన్ క్రిస్టియన్ థియాలజీ’ తీసుకోండి. నిదానంగా చదివితే అర్థమయ్యే పుస్తకం. అందులో పాండిపెద్ది చెంచయ్య గురించిన భాగాన్ని తప్పక చదవండి. నెల్లూరులో పుట్టిన ఈ న్యాయమూర్తి, 1938లో తాంబరం సమావేశం సందర్భంగా వెలువడిన ‘రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా’ రచయితలలో ఒకరు. తెలుగువాడైన వేదాంతి తన ఆలోచనను ఇంగ్లీషులో చెప్పవలసి రావడం గమనించదగిన విషయం.

గ్రామ క్రైస్తవుల నమ్మకాల గురించి పి.వై. లూక్, జాన్ కార్మన్ రాసిన ‘విలేజ్ క్రిస్టియన్స్ అండ్ హిందూ కల్చర్’ (1968) మెదక్ ప్రాంతపు అధ్యయనం. కార్మన్, చిలుకూరి వసంతరావు యాభై ఏళ్ల తరువాతి మార్పులను 2014 నాటి పుస్తకంలో పరిశీలించారు. నా ఉద్దేశంలో ఈ జంట పుస్తకాలు పది సిద్ధాంత సంగ్రహాలకంటే మేలు.

తెలుగు క్రైస్తవులలో అధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అవి కరువుకాలపు రోజులు. ఆకలి వల్ల వచ్చారా, నమ్మి వచ్చారా, గౌరవం వెతుక్కుంటూ వచ్చారా? క్లౌ ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ (1914) మిషనరీ వైపు కథ చెబుతుంది. దాని పక్కన దళిత వేదాంతానికి 1981లో నాంది పలికిన అరవింద్ నిర్మల్ వ్యాసాలు పెట్టుకుని చదివితేనే ప్రశ్న పూర్తిగా కనిపిస్తుంది.

ఎక్కడ దొరుకుతాయి?

మీరు ఆనందపురంలో ఉంటే బస్సులో మద్దిలపాలెం వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయం వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలో విచారించండి. బయటివారికి ప్రవేశ నియమాలు ముందే కనుక్కోండి. పాత పుస్తకాల స్కాన్‌లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. తెలుగు పేర్లను అక్కడ రోమన్ అక్షరాల్లో తోచినట్టు రాశారు కాబట్టి రెండు మూడు వర్ణక్రమాలతో వెతకాలి. పై చదువు ఆలోచన ఉన్నవారు శ్రీరాంపూర్ సెనేట్ పాఠ్యప్రణాళికలను, 1964లో రాజమండ్రిలో మొదలై తరువాత హైదరాబాదుకు మారిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల వివరాలను చూడవచ్చు.

అభ్యాసం: మీకు బాగా తెలిసిన ఒక కీర్తనను ఎంచుకోండి. అందులో ‘రక్షణ’ లేదా ‘కృప’ అన్న మాట ఏ అర్థంలో వచ్చిందో, అదే మాట మీ వద్దనున్న రెండు బైబిళ్లలో ఎక్కడ వచ్చిందో, బ్రౌన్ నిఘంటువు ఏమంటోందో ఒక పుటలో రాసి కౌన్సెలింగ్ తరగతికి తీసుకురండి.