అందరికీ ఏటా క్యాన్సర్ టెస్ట్ ఎందుకు చేయరు? కంప్యూటర్‌లో ఊరు కట్టి వేసిన లెక్క ఇది!

ఈరోజు టాపిక్‌లో కొంచెం లెక్కలుంటాయి. కానీ మీ ఇంట్లో అమ్మ, అక్క, పిన్ని, అత్త, అందరికీ సంబంధించిన విషయం ఇది. కాబట్టి చివరిదాకా ఉండండి.

"క్యాన్సర్‌ని ముందే పట్టుకునే టెస్టులు ఉన్నాయి కదా, మరి ప్రభుత్వం అందరికీ ఏటా చేయించొచ్చు కదా?" అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు వెతకడానికి సర్వైకల్ క్యాన్సర్, అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని తీసుకుందాం. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే సుమారు 1,27,000 మందికి ఇది కొత్తగా వచ్చింది. దాదాపు 80,000 మంది చనిపోయారు.

బాధేంటంటే, చాలావరకు ముందే ఆపగలిగిన జబ్బు ఇది. దాదాపు అన్ని కేసులకీ మూలం హెచ్‌పీవీ అనే వైరస్. సోకినవాళ్లలో ఎక్కువమందికి ఏడాది రెండేళ్లలో దానంతటదే పోతుంది. కొందరిలో మాత్రం ఉండిపోతుంది. వాళ్లలో మళ్లీ కొందరికి కణాల్లో మార్పులు మొదలవుతాయి. ఆ మార్పు క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పది, ఇరవై ఏళ్లు పడుతుంది. ఆ మధ్యలో దొరికితే చిన్న చికిత్సతో సరిపోతుంది.

అయితే ఏ వయసులో చేయాలి? ఎన్నిసార్లు చేయాలి? ఏ టెస్టు చేయాలి? ఈ మూడింటినీ కలిపితే వందల ప్లాన్లు అవుతాయి. అన్నిటినీ మనుషుల మీద చేసి చూడటం కుదరదు. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో సుమారు 1,31,000 మంది మహిళలతో ఒక పెద్ద ట్రయల్ చేశారు. మూడు రకాల టెస్టులని, ఒక్కోటి ఒక్కసారి మాత్రమే చేసి పోల్చారు. మహిళల్ని ఎనిమిదేళ్లు గమనించాక, 2009లో ఫలితాలు వచ్చాయి. ఒక్క ప్రశ్నకే అంత టైమ్ పడితే, వందల ప్లాన్లకి ఎంత పడుతుందో మీరే ఊహించుకోండి.

అందుకే సిమ్యులేషన్ మోడల్. ఇది ఒక గేమ్ లాంటిదే అనుకోండి. కంప్యూటర్‌లో లక్షమంది మహిళలున్న ఒక ఊరు కడతారు. ఒక్కొక్కరికీ ఏడాదికోసారి పాచిక వేస్తారు. ఈ ఏడు వైరస్ సోకిందా? పోయిందా? కణాలు మారాయా? వేరే కారణంతో చనిపోయారా? ఇలా జీవితాంతం నడుపుతారు. పాచికలో ఏ ముఖం ఎంత తరచుగా పడాలన్నది మాత్రం గాల్లోంచి తీసుకోరు, నిజమైన అధ్యయనాల నుంచి తీసుకుంటారు. ఆ ఊళ్లో ఏ వయసులో ఎంతమందికి క్యాన్సర్ వచ్చిందో చూసి, క్యాన్సర్ రిజిస్ట్రీల్లోని అసలు సంఖ్యలతో పోలుస్తారు. కలవకపోతే మోడల్‌ని సరిదిద్దుతారు.

తర్వాత అదే ఊరిని, అదే మనుషులతో మళ్లీ నడుపుతారు. ఈసారి 35వ ఏట ఒక టెస్టు పెడతారు. ఇంకోసారి మూడేళ్లకో టెస్టు. ప్రతిసారీ రెండే లెక్కలు చూస్తారు: అదనంగా ఎంత ఖర్చయింది, అదనంగా ఎన్ని సంవత్సరాల ఆయుష్షు మిగిలింది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే, ఒక సంవత్సరం ప్రాణానికి ఎంత పడిందో తెలుస్తుంది. ఇది ప్రాణానికి వెల కట్టడం కాదండి. ఉన్న డబ్బుతో ఎక్కువమందిని ఎలా బతికించాలన్న లెక్క.

2005లో హార్వర్డ్‌కి చెందిన స్యూ గోల్డీ బృందం ఇండియా, కెన్యా, పెరూ, దక్షిణాఫ్రికా, థాయ్‌లాండ్‌లకి సరిగ్గా ఈ లెక్కే వేసింది. ఖర్చులో టెస్టు, చికిత్సలే కాదు, ఆస్పత్రికి రావడానికి అయ్యే ప్రయాణ ఖర్చు, ఆ మహిళ వెచ్చించే సమయం కూడా కలిపారు. 35 ఏళ్ల దగ్గర జీవితంలో ఒక్కసారి, ఒకటి రెండు విజిట్లలో పని అయిపోయేలా స్క్రీనింగ్ చేస్తే, జీవితకాలంలో ఈ క్యాన్సర్ వచ్చే రిస్క్ సుమారు 25 నుంచి 36 శాతం తగ్గుతుందని తేలింది. ఒక సంవత్సరం ప్రాణానికి ఖర్చు 500 డాలర్లలోపే. 40 ఏళ్ల దగ్గర రెండోసారి చేస్తే రిస్క్ ఇంకా బాగా తగ్గింది.

ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది 'విజిట్లు' అన్న మాట. ఎందుకో చూడండి. ఈ సంఖ్యలు కేవలం అర్థం కావడానికి నేను అనుకున్నవే. వెయ్యిమందిలో 20 మందికి ప్రమాదకరమైన మార్పులున్నాయి అనుకుందాం. 'ఎ' టెస్టు 18 మందిని పట్టేస్తుంది. కానీ రిపోర్టుకి ఒకసారి, చికిత్సకి ఇంకోసారి రావాలి. ప్రతిసారీ సగం మందే తిరిగొచ్చారు అనుకోండి. 18 కాస్తా 9 అవుతుంది, చివరికి నలుగురో ఐదుగురో మిగులుతారు. 'బి' టెస్టు 12 మందినే పడుతుంది, కానీ చికిత్స అప్పుడే, అక్కడే. 12 మందికీ అందుతుంది. ఏది మంచి టెస్టు?

వీఐఏ అనే టెస్టు ఈ 'బి' కోవలోదే. పలచని వెనిగర్ లాంటి ద్రావణం రాసి ఒక నిమిషం ఆగుతారు. తెల్లమచ్చ కనిపిస్తే, వీలైన కేసుల్లో ఆ భాగాన్ని అప్పటికప్పుడే గడ్డకట్టించి తీసేయొచ్చు. పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. కూలిపని మానుకుని మూడుసార్లు పట్నం రాలేని మనిషికి ఆ తేడా ప్రాణమంత.

మరి ఏటా ఎందుకు వద్దు? ఈ జబ్బు నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి, మొదటి టెస్టు ఎక్కువ లాభం ఇచ్చేస్తుంది. ఆ తర్వాత ప్రతి అదనపు టెస్టుకీ ఖర్చు అంతే, లాభం మాత్రం తగ్గుతూ పోతుంది. పైగా ఇరవైల్లో చేస్తే, వాటంతటవే పోయే ఇన్ఫెక్షన్లు కూడా బయటపడతాయి. అనవసర భయం, అనవసర చికిత్స. వందమందికి పదిసార్లు చేసే డబ్బుతో వెయ్యిమందికి ఒకసారి చేయొచ్చు.

అలాగని మోడల్ దేవుడేం కాదు. ఏ సంఖ్య వేస్తే ఆ జవాబే వస్తుంది. తమిళనాడులోని దిండిగల్‌లో వీఐఏ స్క్రీనింగ్ మరణాల్ని 35 శాతం తగ్గించింది. ఉస్మానాబాద్‌లో మాత్రం వీఐఏతో స్పష్టమైన తగ్గుదల కనిపించలేదు, హెచ్‌పీవీ టెస్టు మరణాల్ని దాదాపు సగానికి తగ్గించింది. ఈ రెండింట్లో ఏది వేస్తే మోడల్ ఆ వైపుకి మొగ్గుతుంది. అందుకే మంచి బృందాలు సంఖ్యల్ని అటూ ఇటూ మార్చి, జవాబు నిలబడుతుందా అని పరీక్షిస్తాయి. ఒక్క జవాబే ఇచ్చి ఊరుకునే మోడల్‌ని నేనైతే నమ్మను.

ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం కూడా ఇలాంటి లెక్కలకి దగ్గరగానే ఉంది: 35 ఏళ్లలోపు ఒకసారి, 45లోపు ఇంకోసారి, నాణ్యమైన టెస్టుతో, 70 శాతం మహిళలకి. మన దేశంలో 2016 మార్గదర్శకాల ప్రకారం 30 దాటినవాళ్లకి ఐదేళ్లకోసారి వీఐఏ చేయాలి. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా ఈ స్క్రీనింగ్ చేయించుకున్నవాళ్లు 2 శాతం కూడా లేరు.

కంప్యూటర్ ఊళ్లో పిలవగానే మనుషులు వచ్చేస్తారు. మన ఊళ్లో ఎవరో ఒకరు అడగాలి, తోడు వెళ్లాలి. ఏటా అక్కర్లేదు, కానీ ఒక్కసారైనా అయిందా? మీ ఇంట్లో 30 దాటిన ఆడవాళ్లని ఈరోజే అడగండి. కాలేదంటే దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో కనుక్కోండి. రక్తస్రావం లాంటి ఇబ్బంది ఇప్పటికే ఉంటే మాత్రం స్క్రీనింగ్ కోసం ఎదురుచూడొద్దు, నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.