కఫపు డబ్బీ, గాలి తెర

రెండు వారములకు మించి దగ్గుచున్న మనిషిని ఆశా కార్యకర్త పరీక్షకు పంపును. అతడు చిన్న డబ్బీలో కఫము పట్టి యిచ్చును. 2023 మార్చి 24న ఆరంభమైన టి.బి. ముక్త్ పంచాయతీ గుర్తింపు పొందుటకు ప్రతి వేయిమంది జనాభాకు ఏటా కనీసము 30 పరీక్షలు జరుగవలెను. ఇన్ని డబ్బీలు పంపు పంచాయతీవారు వాటిని తెరచు చేతుల సంగతియు తెలిసికొనుట న్యాయమని మా అభిప్రాయము.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో మొదటి పరీక్ష దగ్గరలోనే జరుగును. మందులకు లొంగని క్షయయని అనుమానము కలిగినచో కఫము హైదరాబాదులోని రాష్ట్రస్థాయి ప్రయోగశాల వంటి చోటికి పోవును. అచ్చట సూక్ష్మజీవులను వారముల తరబడి పెంచి, అవి ఏ మందుకు చచ్చునో చూతురు. డబ్బీలో కొద్దిగా నున్నవి గాజు గొట్టములో కోట్లగును. మూత తీసినను, గొట్టము కదిలించినను కంటికి కానరాని తుంపరలు లేచును. వాటిని పీల్చిన పనివారికే క్షయ సోకవచ్చును.

కావున ఈ పనిని జీవభద్రతా పేటికలో చేయుదురు. ఇది ఉక్కు అలమారు వంటిది. ముందు గాజు తలుపు, దానిక్రింద చేతులు దూరునంత సందు ఉండును. లోపలి పంకా గదిలోని గాలిని సెకనుకు సుమారు అర మీటరు వేగముతో ఆ సందుగుండా పీల్చును. ఆ గాలియే పనివాని ముఖమునకును సూక్ష్మజీవికిని నడుమ తెర. బయటికి పోవు గాలి హెపా అను వడపోత గుండా పోవలసినదే. అది 0.3 మైక్రాను రేణువులలో నూటికి 99.97 పాళ్ళు పట్టివేయును.

గాలితో నేసిన తెర గనుక సులువుగా చినుగును. చేతులు విసురుగా ఆడించినను, వెనుక ఎవరైన చరచర నడచినను, దగ్గర ఫ్యాను తిరిగినను, ముందరి జల్లెడపై కాగితము పెట్టినను చాలును. కరెంటు పోయినచో తెరయే లేదు. వెంటనే గొట్టములకు మూతలు పెట్టి పని నిలుపవలెను. ఏటికొకసారి నిపుణులు గాలి వేగమును, వడపోతను తనిఖీ చేయవలెను.

పుట్టగొడుగుల విత్తనము తయారుచేయు చోట ఇట్టి పెట్టెయే కనిపించును. చూపునకు అన్నదమ్ములే. కాని అది వడగట్టిన గాలిని పనివాని మీదికి విసరును. విత్తనమును కాపాడును, మనిషిని కాదు. అందులో కఫము తెరచుట గాలికెదురు నిలిచి తూర్పారబట్టుటయే. పొట్టంతయు ముఖమునకే!

మహబూబాబాదులో 2022న, జనగామ, భూపాలపల్లిలలో 2023న ప్రభుత్వ వైద్య కళాశాలలు ఆరంభమైనవి. ఏ ప్రయోగశాలకు పోయినను సభ్యులు పేటిక కడపటి తనిఖీ ఎప్పుడు జరిగెనో అడుగవచ్చును.

అయితే పేటిక కాపాడునది డబ్బీ అచ్చటికి చేరిన పిదపనే. కఫము మూసిన గదిలో గాక ఆరుబయట, నలుగురికి దూరముగా పట్టవలెను. మూత గట్టిగా బిగించవలెను. వదులైన మూతతో సంచిలో కారిన డబ్బీని ప్రయోగశాలవారు తీసికొనకపోవచ్చును. అప్పుడు రోగి మరల కఫము ఇయ్యవలసి వచ్చును. అంతవరకు మందును ఆలస్యమగును.