మెడ బిళ్ళలు – వానిని కనుగొను యంత్రములు

కాలికి ముల్లు గ్రుచ్చుకొని చీము పట్టినచో గజ్జలో బిళ్ళ కట్టుట తమరెల్లరు నెఱిగిన విషయమే. అట్టి బిళ్ళలు మెడకు రెండు ప్రక్కలను, శ్వాసనాళము చుట్టును పెక్కు గలవు. వైద్యులు వీనిని లసికాగ్రంథు లందురు. గొంతుముడికి దిగువ, సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్లు, థైరాయిడు గ్రంథి యున్నది. దానికి వచ్చు రాచపుండ్లలో, అనగా క్యాన్సరులలో, మిక్కిలి తఱచైనది పాపిల్లరీ యను జాతి. అది మొదట ప్రాకునది సాధారణముగా ఈ బిళ్ళలలోనికే.

ప్రాకినంత మాత్రమున ఆశ వదలుకొన నక్కఱలేదు. ఇది పెక్కుమందిలో మెల్లగా పెరుగు వ్యాధి. తగిన చికిత్స జరిగినచో చిరకాలము జీవించువారే యెక్కువ. కాని శస్త్రవైద్యుడు కత్తి పట్టుటకు ముందే ఏ బిళ్ళ చెడినదో తెలిసియుండవలెను. చెడినది లోపల మిగిలిపోయినచో మఱల మెడను కోయవలసి రావచ్చును. మానిన గాయమును రెండవమాఱు తెఱచినప్పుడు కంఠస్వరమును నడపు సన్నని నరమునకు అపాయ మెక్కువ. ఒకానొకని మాట జీవితాంతము బొంగురుపోవచ్చును. కావున ఏ యంత్రము దేనిని చూపును, దేనిని చూపదు అను ప్రశ్న వట్టి పండితచర్చ గాదు.

మొదటి స్థానము అల్ట్రాసౌండుదే. నూతిలోనికి కేక వేసిన ప్రతిధ్వని వచ్చునట్లు, చెవికి వినరాని ధ్వనిని మెడలోనికి పంపి, మరలివచ్చు ప్రతిధ్వనులతో ఇది బొమ్మ గీయును. హానికిరణములు లేవు, ఖర్చు తక్కువ, కొలది మిల్లీమీటర్ల బిళ్ళనైనను చూపగలదు. మంచి బిళ్ళ చిక్కుడుగింజవలె నిడుపుగా నుండి, నడుమ తెల్లని క్రొవ్వుగీటు కలిగియుండును. చెడినది గుండ్రనై, ఆ గీటును కోల్పోయి, లోపల సున్నపు రవ్వలనో నీటితిత్తులనో చూపును. అయితే ధ్వని గాలిని, ఎముకను దాటి చూపలేదు. కావున శ్వాసనాళము వెనుకను, రొమ్ముటెముక చాటునను ఉన్న బిళ్ళలు దీనికి చిక్కవు. థైరాయిడు క్రిందనే దాగినవియు తఱచుగా తప్పించుకొనును. చూచువాని చేతినేర్పును బట్టియు ఫలము మాఱును.

ఆ చాటులను చూపునది సీటీ. 1971లో లండనులో తొలి రోగికి ఉపయోగింపబడిన ఈ యంత్రము ఎక్సురే కిరణములతో శరీరమును పలుచని పొరలుగా చిత్రించును. వ్యాధి ముదిరినదని శంక యున్నచో అల్ట్రాసౌండుతోబాటు దీనిని గూడ చేయింపుమని అమెరికా థైరాయిడు సంఘము 2015లో సూచించినది. దీనికై నరములో నెక్కించు మందులో అయొడిను ఉండును; అందుచే అయొడిను చికిత్స కొన్ని వారములు ఆగవలసివచ్చును. ఎం.ఆర్.ఐ.లో కిరణబాధ లేదు గాని, రోగి గుటక వేసినను బొమ్మ చెదరును.

మిగిలిన రెండును ఆకారమును గాక ఆకలిని పరీక్షించును. థైరాయిడు కణములకు అయొడిను మీద ఆశ మెండు. కిరణములు వెలువరించు అయొడిను నిచ్చినచో, దానిని మ్రింగిన కణములు ఎచ్చట నున్నను బయటపడును. అయితే గ్రంథి యథాస్థానమున నున్నంతకాలము అదియే యెక్కువభాగము త్రాగివేయును. కావున ఈ పరీక్ష శస్త్రచికిత్స తరువాతిది. అయొడిను రుచి మఱచిన మొండి క్యాన్సరు కణములను వెదకుటకు, చక్కెరవంటి ద్రవ్యముతో చేయు పెట్ స్కాను పనికివచ్చును. గొప్ప యంత్రము గదా యని పొలము తాకట్టు పెట్టి మొదటనే దానికి పరుగెత్తుట నాకు సమ్మతము కాదు. పై సంఘమును శస్త్రచికిత్సకు ముందు దానిని అందఱికిని చేయింపు మనలేదు.

పైగా మన దేశమున మెడ బిళ్ళలకు క్షయయు ఒక ముఖ్యకారణము. పూర్వులు గండమాల యన్నది తఱచుగా ఇదియే. క్షయ పట్టిన బిళ్ళయు పెట్ స్కానులో వెలుగును. సీటీలోను క్యాన్సరును బోలి మోసగింపవచ్చును. కావున తుదితీర్పు సూదిది. శంకగల బిళ్ళ సన్నని వైపున 8 నుండి 10 మిల్లీమీటర్లకు తక్కువ గాకున్నచో, అల్ట్రాసౌండులో చూచుచు సన్నని సూదిని గ్రుచ్చి కొన్ని కణములను తీయుదురు. ఆ సూదిని కడిగిన నీటిలో థైరోగ్లోబ్యులిను అను థైరాయిడు పదార్థ మెంత యున్నదో గూడ కొలుతురు. అంతకంటె చిన్నవానిని సాధారణముగా గ్రుచ్చక, కొన్ని నెలల కొకమాఱు అల్ట్రాసౌండుతో కనిపెట్టియుందురు.