గాజుకు గాజే అతుకు
గోరంత పలకలో కాలువలు – గండి పడకుండా లేజర్ కాపలా

నందివెలుగు: కాలువ గట్టుకు గండి పడితే ఏమవుతుందో ఈ ప్రాంతపు రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. ఎలుక బొరియ చాలు, మన చేనుకు రావలసిన నీరు పక్క చేను పాలవుతుంది. సరిగ్గా ఇదే చిక్కు గాజుపలకలో కాలువలు తవ్వే శాస్త్రజ్ఞులకూ ఎదురయింది.

గాజులో కాలువలేమిటని అడగవచ్చు. అగ్గిపెట్టెంత పలక మీద వెంట్రుక మందాన కాలువలు తవ్వుతారు. ఒక కొసన రక్తపు బొట్టు వేస్తే అది కాలువల వెంట పారి, పాయలుగా చీలి, మందుతో కలుస్తుంది. ఆ కలిసిన చోట ఫలితం తెలుస్తుంది. దుగ్గిరాల లాకుల వద్ద కృష్ణ నీరు కాలువలుగా చీలినట్లే. సీసాడు రక్తం తీయనవసరం లేదు, ఒక్క బొట్టు చాలు. నీటిలోని మలినాలను పరీక్షించడానికీ ఇదే పద్ధతి పనికివస్తుంది.

జిగురుతో తంటా

కాలువలు తవ్విన పలక మీద మరొక పలకను మూతగా అతకాలి. అసలు చిక్కంతా అక్కడే. జిగురు పూస్తే కాలువలోకి కారి పూడ్చివేస్తుంది. కొన్ని రసాయనాలకు ఆ జిగురే కరిగి పరీక్షను చెడగొడుతుంది. కొలిమిలో పెట్టి అతికిద్దామంటే మామూలు గాజుకు సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడికి కాలువలు వంకరపోవచ్చు, లోపల ముందే పూసి ఉంచిన మందు మాడిపోతుంది. అతుకు వదులైతే ఒక కాలువలోని ద్రవం పక్క కాలువలోకి ఊరుతుంది. అప్పుడు జబ్బున్న వాడికి లేదనీ, లేనివాడికి ఉన్నదనీ చీటీ రావచ్చు.

టంకం లేని అతుకు

దీనికి విరుగుడు లేజర్ కిరణం. గాజులోంచి వెలుతురు దూసుకుపోతుంది గదా, కరిగేదెట్లా? భూతద్దంతో ఎండను చుక్కగా చేసి కాగితం కాల్చిన పిల్లలకు కొంత కిటుకు తెలుసు. రెండు పలకలు కలిసే చోటనే కిరణాన్ని చుక్కగా నిలుపుతారు. సెకనును కోటి కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్ళీ పది ముక్కలు చేస్తే వచ్చేది ఒక ఫెమ్టో సెకను. అటువంటి కొద్ది వందల ఫెమ్టో సెకన్లలో శక్తినంతా గుమ్మరిస్తే, ఆ తాకిడికి గాజు సైతం వెలుతురును మింగి కరుగుతుంది. కరిగినది చల్లారి రెండు పలకలనూ పట్టేస్తుంది. కంసాలి టంకం పెడతాడు, ఇక్కడ అదీ లేదు. చుట్టుపక్కల గాజు చల్లగానే ఉంటుంది, మందు చెక్కుచెదరదు.

ఇంత పొట్టి, ఇంత బలమైన కిరణపు మెరుపులకు దారి చూపిన పద్ధతిని 1985లో కనిపెట్టినందుకు డోనా స్ట్రిక్‌లాండ్, జెరార్డ్ మూరూలకు 2018లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ కిరణంతో గాజును గాజుకు అతికి 2005లో జపాను శాస్త్రజ్ఞులు చూపారు. మన హైదరాబాదు విశ్వవిద్యాలయం వారు ఇటువంటి లేజర్‌తోనే ప్లాస్టిక్కులోనూ, సిలికోను రబ్బరులోనూ సన్నని కాలువలు గీసి 2010లో ఫలితాలు ప్రచురించారు.

అయితే ఇది చవక పని కాదు. యంత్రం ఖరీదైనది. పలకల నడుమ ధూళి రేణువు చిక్కినా అతుకు కుదరదు. అందుకే చవక పరీక్షలకు నేడు కాగితపు పట్టీలూ, ప్లాస్టిక్కు పలకలే ఎక్కువగా వాడుతున్నారు. ఘాటు రసాయనాలకూ, వేడికీ తట్టుకోవలసిన చోట మాత్రం గాజుకు గాజే సాటి.

పెద్ద కాలువకైనా, వెంట్రుకంత కాలువకైనా నీతి ఒక్కటే. గట్టు గట్టిదైతేనే పారకం నమ్మకం.